పెద్దావిడ నడిపిన కారు

ఆ ఉదయం నా ప్రార్థన పూర్తికాకముందే తమ్ముడు వీధిలో హారన్ మోగించాడు. స్పోర్ట్స్ మోడల్ సెకండ్‌హ్యాండ్ కారొకటి చూసిపెట్టాడు. తను తోలి తోలి పీల్చి పిప్పిచేసిన మా కారు అమ్మి, దాన్ని కొనాలని వాడి పంతం. నన్నూ వెంటబెట్టుకుని అది చూడ్డానికి వెళ్ళాడు.

"ఒక పెద్దావిడ ప్రార్థనకు వెళ్ళడానికే వాడారండీ," అన్నాడు అమ్మేవాడు.

లోపలికి తొంగిచూశాను. బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగి ఇనుము తేలింది.

"పాపం, ఆవిడకి రోజూ ప్రార్థనకి ఆలస్యమయ్యేదేమో," అన్నాను.

తమ్ముడు మండిపడ్డాడు. "దేవుడి పేరు చెప్పి అబద్ధాలా? పదక్కా."

సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చారు: ముందు మా కారు అమ్మాలి. కొనేవాళ్ళకి చెప్పాల్సిన మాట, దాన్ని ఇన్నాళ్ళూ నడిపింది పెద్దక్క, అంటే నేను, అదీ ప్రార్థనకే.

"నాకు డ్రైవింగ్ రాదు కదరా," అన్నాను.

"నడపక్కర్లేదక్కా. కొనేవాళ్ళొచ్చినప్పుడు పక్కన కళ్ళు మూసుకుని నిలబడు, చాలు."