యాది పాట

"మా బిడ్డ పోయింది. పాట గావాలె."

అంత మాట అని ఆ పెద్దమనిషి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. పేరు పండరి. వర్ని దగ్గరి ఊరు. కాలువ కింద వరి, చెరకు. కళ్లలో తడి లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయాయేమో అనుకున్నాడు నగేశ్.

నగేశ్ బాన్సువాడలో ఓ రైస్ మిల్లులో సూపర్‌వైజరు. పాటలు అతని పిచ్చి. కిరాయికుంటున్న ఇంట్లో వెనక గదినే స్టూడియో చేసుకున్నాడు. గోడలకు బొంతలు, కిటికీకి కోడిగుడ్ల అట్టలు. ఓ పాత ల్యాప్‌టాప్, ఓ మైకు. రికార్డింగ్ అంటే ఫ్యాన్ బంద్. బనియను తడిసి ముద్దయ్యేది. మొదట్లో జానపదాలు చేసి యూట్యూబ్‌లో పెడితే చూసిన దిక్కు లేదు. ఓసారి దోస్తు తండ్రి చనిపోతే ఆయన్ను తలచుకుంటూ యాది పాట చేసిచ్చాడు. అది ఫోన్లలో ఊరూరా తిరిగింది. అప్పట్నుంచి చావు జరిగిన ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు.

"బిడ్డ గురించి చెప్పు కాకా. రికార్డు చేసుకుంట. మాటలు రాయనీకి పనికొస్తది."

"పేరు వర్ష. వాళ్లమ్మ ఎన్కెన్కే తిరిగేది. నవ్వితే వాడకట్టంత ఇనబడేది. సదువుల ముంగటుండేది."

"ఏమన్న బీమారీనా?"

పండరి గోడ మీది బొంత వైపు చూశాడు.

"పోయింది. గంతే. గా సంగతి అడగకు. ఐతారం దినాలు జేస్తున్నం. పాట ఊరంత ఇనాలె. మా బిడ్డ ఇగ లేదని అందరికీ ఎరుకగావాలె."

నగేశ్ మళ్లీ అడగలేదు. చదువుకునే వయసు పిల్ల అంటే ఏ పురుగుల మందో అయి ఉంటుంది. పుండు మీద కారం చల్లడమెందుకు?

పాట రాసుకున్నాడు. 'మా వాకిట్ల ముగ్గువే వర్షా, ఏ వాగు దాటి పోయినవే' అని పల్లవి. ఆడ గొంతయితేనే బాగుంటుంది. పై పోర్షన్లో ఉండే దీపికను పిలిచాడు.

ఆమె ఈమధ్యే కిరాయికి దిగింది. మొగుడు మద్నూర్‌లో లారీ ఆఫీసుకు పోతాడు. పొద్దంతా ఒక్కతే. బట్టలారేస్తూ ఆమె తీసిన కూనిరాగం విని నగేశే కోరస్ పాడమని అడిగాడు. పాడేది గానీ పేరు వేయనిచ్చేది కాదు, ఫోటో పెట్టనిచ్చేది కాదు. సిగ్గరి.

"వాళ్ల నాయిన మాటలు ఒకసారి ఇను. ఆ బాధ గొంతులకు రావాలె" అని రికార్డింగ్ పెట్టాడు.

దీపిక తల వంచుకుని వింది.

"వాళ్లమ్మ గూడ ఇంటదా అన్నా పాట?"

"ఎందుకినదు? ఇంట్లనే గదా డీజే పెట్టేది."

"అయితే మొత్తం నేనే పాడుత."

పాడింది. పల్లవి దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి నిలబడి, కళ్లు మూసుకుని, చివరిదాకా ఆగకుండా పాడేసింది. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం ఇంత దుఃఖపడే మనిషిని నగేశ్ చూడలేదు.

"ఒకటి రెండు చోట్ల సుర్ తప్పింది. సాఫ్ట్‌వేర్ల సక్కగ జేస్త. జర ఎకో ఏస్త."

"వద్దన్నా." ఆమె అతని చేతిని మౌస్ మీద నుంచి తీసేసినంత పని చేసింది. "నా గొంతు ఉన్నదున్నట్టే ఉండనీ."

ఐతారం నాడు పాట తనే తీసుకెళ్లాడు నగేశ్. తను చేసిన పాట పెద్ద పెద్ద బాక్సుల్లో ఎలా మోగుతుందో వినాలని ఆశ. డీజే బండి ఇంటి వెనక దొడ్లో పెట్టారు. నేరుగా అటే పోయి పెన్ డ్రైవ్ పెట్టాడు.

పాట మొదలైంది. పందిరి కింద గుసగుసలు ఆగిపోయాయి.

తల్లి భూమవ్వ ఓ మూల గోడకు ఆనుకుని ఉంది. రెండో మాటకే దిగ్గున లేచింది. నడిచొచ్చి బాక్సు మీద రెండు చేతులూ ఆనించింది. చెంప ఆనించింది. "వర్షా... నా తల్లీ" అంటూ ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మతి తప్పిందేమో అనుకున్నాడు నగేశ్. ఆడవాళ్లు ఆమెను లోపలికి లాక్కుపోయారు.

పండరి మొహం నల్లబడింది. కొడుకు అఖిలేశ్‌ను పిలిచి చెవిలో ఏదో అన్నాడు.

అఖిలేశ్ నగేశ్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పాట మస్తు జేసినవన్నా. పాడినామె ఎవరు?"

"దీపికని, మా పై పోర్షన్లనే ఉంటది" అన్నాడు నగేశ్ పొంగిపోతూ. "మంచి గొంతు. బయటికి రాదు గంతే."

"ఇప్పుడింట్లనే ఉన్నదా?"

"ఇంట్లనే, ఒక్కతే ఉంటది. మీరు గూడ జెప్పుర్రి, పాట బాగుందని. సంతోషపడ్తది."

అఖిలేశ్ నవ్వి తలూపాడు. నలుగురు కుర్రాళ్లు అతని వెంట నడిచారు. రెండు మోటార్ సైకిళ్లు దుమ్ము లేపుకుంటూ బాన్సువాడ దారి పట్టాయి.

తన పాటకు ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు. నగేశ్ పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని, ఇంటి పక్క సందులోంచి వీధిలోకి వచ్చాడు.

వాకిలికి అడ్డంగా కట్టిన నిలువెత్తు ఫ్లెక్సీలో, 'కుమారి వర్షకు కన్నీటి వీడ్కోలు' అన్న అక్షరాల కింద, పూలదండ మధ్య నుంచి దీపిక నవ్వుతోంది.