మూలావిడ

షాపతను తెర నిండా చేపల్ని ఈదించాడు.

నీలం, ఎరుపు, పసుపు. ఒక్కో చేప చేటంత.

"చూడండి మేడమ్! హెచ్‌డీ అంటే ఇదీ. పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు."

"మేం పొలుసులు లెక్కపెట్టడానికి రాలేదండీ," అంది కూతురు.

అమ్మ ఆమె మోచేయి గిల్లి, చేతులతో అంది. "చేపల కంటే ఇతని నోరే ఎక్కువ ఆడుతోందే!"

కూతురికి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఇవాళ పని చూసుకునే వెళ్ళాలి.

శుక్రవారంతో పాత ప్రసారాలు ఆపేస్తున్నారు. ఆ తర్వాత అంతా డిజిటలేనట. ఇంట్లో ఉన్న పాత టీవీకి సెట్‌టాప్ డబ్బా తగిలించుకోవచ్చన్నారు గానీ, దాని తెర ఇప్పటికే సగం చీకటి.

అమ్మకి పుట్టుకతోనే వినపడదు. చదువూ అంతంతమాత్రం. తెర కింద పరిగెత్తే అక్షరాలు ఆమె కూడబలుక్కునేలోగా దాటిపోతాయి.

ఆమెకి లోకం తెలిసేది ఒక్క దారినే. సాయంత్రం ఏడింటి వార్తల్లో, తెర కింది మూలన, వార్తలన్నీ చేతులతో చెప్పే ఒకావిడ వస్తుంది. పాత టీవీలో బొటనవేలంత. ముఖం ఒట్టి మసక మచ్చ. చేతులు మాత్రం తెలుస్తాయి.

ఇరవై ఏళ్ళుగా అమ్మకి ఆ చేతులే పేపరు, ఆ చేతులే పొరుగమ్మ. ఇంట్లో ఆవిడ పేరు మూలావిడ. పోయినేడు వరదొస్తోందని వీధిలో అందరికంటే ముందు తెలిసింది అమ్మకే. తలుపు తలుపూ కొట్టి అందర్నీ మేడలెక్కించింది.

ఏ టీవీ కొన్నా మూలావిడ పోకూడదు. అదీ కూతురి పట్టు.

అమ్మ అటువైపు గోడకున్న టీవీలు చూడ్డానికి వెళ్ళింది. చేపల టీవీ పెద్దది, మూల కూడా పెద్దగానే ఉంటుందిలే అనుకుంది కూతురు.

"సరే, ఇదే ఇచ్చేయండి."

"అది వద్దమ్మా," అంది వెనక నుంచి ఒక గొంతు.

యాభై దాటిన ఆడమనిషి. నెరిసిన జుట్టు, రెండు చేతుల్లో రెండు కూరగాయల సంచులు. ఇందాకట్నుంచీ ఒక్కో టీవీ ముందూ నిలబడి, వంగి వంగి చూస్తోంది. కొనే మనిషిలా లేదు.

"ఎందుకొద్దు?"

"ఆ చేపల్ని తీయించి వార్తలు పెట్టించు. ఇది బొమ్మని సాగదీసి తెర నింపుతుంది. అంచులు బయటికి పోతాయి. మీకు కావాల్సింది మూలే కదా?"

"మీకెవరు చెప్పారు?"

"ఇందాక మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే చూశాను."

కూతురికి ఒళ్ళు మండింది. చూస్తారు. అందరూ చూస్తారు. బస్సులోనైనా, బజారులోనైనా అమ్మ చేతులెత్తితే చాలు, మెడలన్నీ ఇటే తిరుగుతాయి. వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. అమ్మకి అడ్డంగా గోడలా నిలబడడం కూతురికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఆవిడతో ఒక్క మాట మాట్లాడి వెళ్ళిపోతానమ్మా," అంటూ ఆమె సంచులు రెండూ కింద పెట్టింది.

"మా అమ్మకి వినపడదండీ."

"తెలుసు."

"తెలిసీ మాట్లాడతారా? మా అమ్మ మీకు వేడుకగా ఉందా? దయచేసి ఆవిడ జోలికి రాకండి."

ఆమె తలూపింది. అటు తిరిగి ఉన్న అమ్మ వీపు వైపు ఒక్క క్షణం చూసింది. సంచులు అందుకుంది.

"వార్తలు పెట్టించి చూడ్డం మాత్రం మరిచిపోకు తల్లీ," అని మెట్లు దిగింది.

"ఇలాంటివాళ్ళు రోజుకి పదిమంది మేడమ్," అన్నాడు షాపతను. "కొనరు, కొననివ్వరు. బిల్లు రాసెయ్యనా?"

"ఆగండి. వార్తలు పెట్టండి."

పెట్టాడు. మధ్యాహ్నం వార్తలకి మూలావిడ రాదు. ఆ చోట గడియారం ఉంటుంది. పెద్ద తెర మీద ఆ గడియారం సగమే ఉంది.

"మొత్తం కనపడేలా చెయ్యండి."

"ఈ మోడల్‌కి ఆ ఏర్పాటు లేదు మేడమ్. అయినా మూలనేముంటుంది? ఎవరైనా చూసేది మధ్యనే కదా!"

"మేం మూలే చూస్తాం."

ఒకటి కాదు, రెండు కాదు, ఎనిమిది టీవీల్లో వార్తలు పెట్టించింది. ఆరోదానికే షాపతను నోరు ఆడడం మానేసింది. ఎనిమిదోది, అన్నిటికంటే చిన్నది, గడియారాన్ని నిండుగా చూపించింది.

కూతురు గబగబా మెట్లు దిగి వీధిలో అటూ ఇటూ చూసింది. ఆమె లేదు. 'వాళ్ళింట్లోనూ వినపడనివాళ్ళెవరో ఉండి ఉంటారు, పాపం,' అనుకుంది.

శుక్రవారం ఏడయింది. కూతురు కొత్త టీవీ వెనక తీగలు సర్దుతోంది. అక్కణ్నుంచి ఆమెకి అమ్మ ఒక్కతే కనపడుతోంది.

అమ్మ ముఖం వెలిగిపోయింది.

"వేళ్ళు ఒక్కోటీ తెలుస్తున్నాయే! ముఖం కూడా! ఎంత చక్కటి మనిషో!"

ఇంకాసేపటికి అమ్మ చేతులు నెమ్మదించాయి.

"సెలవు తీసుకుంటోందే. ఇవాళే ఆఖరట. రేపట్నుంచి ఎవరో కొత్తమ్మాయట."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?" కూతురు టీవీ పక్కనుంచి చేతులు చాపి అడిగింది.

"ఎప్పుడైనా బజారులో ఎదురుపడకపోతుందా, ఆ చేతులు ఒక్కసారి పట్టుకోకపోతానా అనుకునేదాన్ని. ముఖం తెలిస్తేగా గుర్తుపట్టడానికి!"

కూతురు తీగ వదిలేసి ముందుకొచ్చింది. తెర మూలన నిలబడి అందరికీ చేతులు జోడిస్తున్నది, షాపులో తను అమ్మ దగ్గరికి రానివ్వని మనిషి.