బుడగలో పట్టని మాట

మనవరాలు పేపర్లో కార్టూను చదివి పకపకా నవ్వింది.

"తాతా, భలే రాశావు."

"ఏం రాశాను?"

"ఫొటో తీసేవాడు కాస్త నవ్వండి అంటే, గుండు మామయ్య 'ఫొటో చూశాక నవ్వుతాలెండి' అంటాడుగా."

కార్టూనిస్టు మొహం మాడిపోయింది. ఆయన రాసింది 'నాకు నవ్వు రాదండీ' అని.

పంతొమ్మిదేళ్లుగా రోజుకో గుండు మామయ్యని గీస్తున్నా, అచ్చయ్యాక మాటలు చదివే అలవాటు ఆయనకి లేదు. గీత నల్లగా పడిందా లేదా అని చూసి పేపరు పక్కన పడేస్తాడు. రాసినవాడికి తెలియదా ఏం రాశాడో అని ధీమా.

తిన్నగా ఆఫీసుకి వెళ్లి, అక్షరాలు దిద్దే ముసలాయన బల్ల ముందు నిలబడ్డాడు. కార్టూనిస్టు రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని ఆయన బొమ్మల పక్కన మాటల కోసం గీసిన బుడగల్లో నీలం పెన్సిలుతో మాటలు గిలికి పంపితే, వాటి మీద ఇంకుతో గుండ్రంగా రాయడం ఈ ముసలాయన పని.

"నా మాట ఎందుకు మార్చావయ్యా?"

ముసలాయన కలం కింద పెట్టాడు. "బుడగలో పట్టలేదండీ."

"నాదానికంటే నీదే పొడుగ్గా ఉంది. పట్టకపోవడమేమిటి?"

ముసలాయన ఇంకు సీసా మూత బిగించాడు.

"అక్షరాలు దిద్దమంటే నా జోకులే దిద్దుతావా?"

ఆ పూటే ఎడిటరు గదిలో తేల్చేశాడు. "ఆ మనిషి ఉంటే నేను ఉండను."

ముసలాయన కలం తుడిచి జేబులో పెట్టుకుని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా వెళ్లిపోయాడు. అక్షరాల పని కంప్యూటరుకి అప్పగించారు.

నెల తిరిగేసరికి మెచ్చుకోలు ఉత్తరాలు ఆగిపోయాయి. రెండో నెలలో తిట్లు మొదలయ్యాయి. ఇంట్లో మనవరాలు కార్టూను చూడకుండానే ఆటల పేజీకి తిప్పేస్తోంది.

మూడో నెలలో ఎడిటరు పిలిచాడు.

"ఏమైందండీ మీకు? బొమ్మలు బాగానే ఉన్నాయి. నవ్వే రావడం లేదు."

"ఆ కంప్యూటరు అక్షరాలు చప్పగా ఉన్నాయి, అంతే."

"నేనూ అదే అనుకుని ముసలాయన కోసం మనిషిని పంపాను. కిందటి వారమే పోయారట."

కార్టూనిస్టు ఒక్క క్షణం తల దించుకున్నాడు. "పాపం" అన్నాడు. "అయినా అక్షరాలదేముందండీ, ఎవరైనా రాస్తారు."

"సాయంత్రం అయిదింటికి పేజీ కడతాం. ఆలోగా నన్ను నవ్వించే కార్టూను ఒకటి ఇవ్వండి. లేదంటే రేపటి నుంచి ఆ చోటు గళ్ల నుడికట్టుకి ఇచ్చేస్తాను."

గంట మూడు దాటింది. బుర్ర బద్దలు కొట్టుకున్నా ఒక్క ముక్క తోచలేదు. పాత జోకునే అటూ ఇటూ తిప్పి రాద్దామని రికార్డు గదికి పరిగెత్తాడు. అచ్చయిపోయిన కార్టూన్ల అసలు కాగితాలన్నీ అక్కడ కట్టలు కట్టి పడేస్తారు. నీలం పెన్సిలు అచ్చులో పడదు కాబట్టి దాన్ని ఎవరూ చెరపరు.

ఒక కట్ట విప్పి, కాగితం తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. పైన ఇంకు మాట ఒకటి, కింద నీలం మాట ఒకటి. మరొకటి తీశాడు. అదీ అంతే. ఇంకో కట్ట, ఇంకో ఏడాది. నవ్వొచ్చిన ప్రతిచోటా కింద నీలం మాట వేరే.

ముసలాయన్ని నిలదీసిన తీరు గుర్తొచ్చి చేతిలో కాగితం బోర్లా పెట్టేశాడు.

నాలుగున్నర అయింది.

"ఒక్కటైనా నాది ఉండదా" అని గొణుక్కుంటూ అట్టడుగు కట్ట లాగాడు. మొట్టమొదటి గుండు మామయ్య అందులో ఉన్నాడు. ఆ కార్టూనుకి ఊరంతా నవ్వింది. ఆ నవ్వు చూసే ఆయనకి ఉద్యోగం ఇచ్చారు.

ఆఖరి బుడగలో ఊరు నవ్విన మాట ముసలాయన గుండ్రటి అక్షరాల్లో ఉంది, దాని కింద నీలం పెన్సిలుతో తన చేతిరాతే ఉంది: "ఇక్కడ ఏమీ తోచడం లేదు, ఖాళీగా వదిలేయండి."