ఉత్త అక్షరాలే చాలు

"ఈ బొమ్మలన్నీ ఆపెయ్యండంకుల్. ఉత్త అక్షరాలే రానివ్వండి, చాలు."

ధరణి గుమ్మంలోనే నిలబడి అంది. చంకలో నాలుగేళ్ల తనీష్. తల్లీకొడుకుల బూట్లకు అంటిన మంచు ఇంకా కరగలేదు.

విశ్వనాథం గారు రిటైరైన ఇంజనీరు. కేంబ్రిడ్జ్ తెలుగువాళ్ల మెయిలింగ్ లిస్టు నడిపేది ఆయనే. ఎవరైనా ఆ ఒక్క అడ్రసుకు రాస్తే చాలు, మూడు వందల ఇళ్లకు మెయిలు వెళ్లిపోతుంది.

"ముందు లోపలికి రా తల్లీ. ఏ బొమ్మలు?"

ధరణి ఫోన్ చూపించింది. దీపావళి భోజనాల మెయిలు. నెమళ్లు, ప్రమిదలు, పూల తోరణాలు. వాటి మధ్యలో ఎక్కడో, ఎవరు ఏం వండి తెస్తున్నారో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది.

"హల్వాలో జీడిపప్పు ఉందని ఇందులోనే రాశారంట. నాకు కనబడలేదు. వీడికి ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ఇంత లావున వాచిపోయాయి. ఇంకోసారి తింటే గొంతు మూసుకుపోతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను చదివింది పదో తరగతి అంకుల్. మామూలుగా రాస్తే నాలుగుసార్లయినా చదువుకుంటా. ఈ రంగుల్లో వెతుక్కోవడం నా వల్ల కాదు."

విశ్వనాథం గారు కంప్యూటర్ ముందు కూర్చుని లిస్టు సెట్టింగ్స్ తెరిచారు. కంటెంట్ ఫిల్టరింగ్ అని ఒక పేజీ వచ్చింది.

"ఇదిగో, ఇక్కడ టిక్కు పెడితే ఫోటోలు గేటు దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడ పెడితే హెచ్‌టీఎంఎల్ పోతుంది. అంటే మెయిలు ముస్తాబన్నమాట. రంగులూ గీతలూ హంగులూ ఊడబీకి, మాటలు మాత్రం పంపిస్తుంది."

"మాటలు పోవుగా?"

"ఒక్క అక్షరం పోదు."

"అయితే రెండూ పెట్టేయండి."

"మా సంఘం సెక్రటరీ నామీద పడతాడమ్మా. గులాబీ రంగులో తప్ప రాయడు మహానుభావుడు."

"పడితే నా పేరు చెప్పండి."

ఆయన నవ్వి సేవ్ నొక్కారు.

నవంబరులో కార్తీక వనభోజనాలు. బయట మైనస్ ఎనిమిది కాబట్టి వనం కాస్తా కమ్యూనిటీ సెంటర్ హాల్లోకి వచ్చింది. వారం ముందు నుంచే వంటల మెయిళ్లు మొదలయ్యాయి. ఇప్పుడు అన్నీ తెల్లగా, ఒకే సైజు అక్షరాల్లో. ధరణి ప్రతిదీ వేలు పెట్టి చదివింది.

మంగళవారం సుధామయి ఆంటీ మెయిలు వచ్చింది. పక్క వీధిలో ఉంటుంది, అరవై దాటిన మనిషి. "పూర్ణం బూరెలు, నూట ఇరవై. జీడిపప్పు లేదు, తనీష్ తినొచ్చు."

ధరణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని ఇళ్లలో తన కొడుకుని గుర్తుపెట్టుకున్నది ఈవిడొక్కతే.

శుక్రవారం అదే మెయిలు మళ్లీ వచ్చింది. ధరణి రెండూ పోల్చి చూసింది. ఎక్కడా తేడా లేదు. తన భయం తెలిసి ధైర్యం చెబుతోంది కాబోలు అనుకుంది.

అయినా ఆదివారం హాల్లో అడక్కుండా ఉండలేకపోయింది. సుధామయి అటూ ఇటూ చూడకుండా బూరెలు ట్రేలలోకి సర్దుతోంది.

"ఆంటీ, మెయిల్లో రాసినట్టే చేశారా?"

"అచ్చం రాసినట్టే. చూసుకున్నావుగా?"

"నాలుగుసార్లు చూశానాంటీ."

"నువ్వు చూడకుండా వదులుతావా! సీఐడీవి కదూ," అని నవ్వుతూ ఆవిడ ట్రే ఎత్తుకుని జనంలోకి వెళ్లిపోయింది.

తనీష్ ఒక బూరె తిన్నాడు. "అమ్మా, కెన్ ఐ హావ్ వన్ మోర్?" అన్నాడు. రెండోది కొరకబోతూ దగ్గాడు. ఆ దగ్గు ఆగలేదు.

ధరణి బ్యాగులోంచి ఎలర్జీ ఇంజెక్షన్ తీసి తొడలో పొడిచింది. ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేశారు. అది వచ్చేసరికి వాడి పెదాలు నీలమైపోయాయి.

మూడో రోజు. పిల్లల ఐసీయూ. గొట్టంలోంచి మిషను ఊపిరి పోస్తోంది. మెదడుకి గాలి అందని నిమిషాలు ఎన్నో డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత ధరణి మొహంలోకి చూడటం మానేశారు.

పలకరించడానికి వచ్చిన విశ్వనాథం గారి ముందు ఆమె ఒక కాగితం ఊపింది. శుక్రవారం మెయిలు ప్రింటు.

"పూర్ణంలో జీడిపప్పు పొడి కలిపానని డాక్టర్లకి తనే చెప్పిందంకుల్. మరి లేదని ఎందుకు రాసింది? నా కొడుకు పేరు పెట్టి రాసింది. రెండుసార్లు రాసింది. నేను వదలను. ఇది పోలీసులకిస్తా."

ఆయన బయటికి వచ్చారు. కారిడార్ చివర కుర్చీలో సుధామయి కూర్చుని ఉంది. ధరణి ఆవిడను లోపలికి రానివ్వలేదు.

"లేదని రాసి ఎలా కలిపారమ్మా?"

"లేదని ఎక్కడ రాశానన్నయ్యగారూ! పూర్ణం పలచబడితే పొడి కలపాల్సొచ్చింది. అందుకేగా శుక్రవారం మళ్లీ పంపింది!"

"శుక్రవారం వచ్చిందీ అదే మెయిలు కదా."

"అదే ఎలా అవుతుంది?"

ఆవిడ తను శుక్రవారం పంపిన మెయిలు తెరిచి ఫోన్ ఆయనకిచ్చింది.

విశ్వనాథం గారు కళ్లజోడు సవరించుకుని చూశారు.

"జీడిపప్పు లేదు, తనీష్ తినొచ్చు" అన్న మాటల మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎర్రటి గీత కొట్టి ఉంది.