బోర్డు మీద ప్రశ్న

‘గేట్‌మన్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలా, వద్దా?’

వార్డు మెంబరు రాసిన ఆ ప్రశ్నని పెద్ద టీచర్ బోర్డు మీద నుంచి తుడిచేసింది.

“అదేంటి టీచర్‌గారూ, చెరిపేశారు!” అతను కుర్చీలోంచి లేచాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. “మీ స్కూలు పిల్లే కదా రైలు కింద పడింది! ఈ గేట్‌మన్ కళ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడట.”

“గేటు వేసే ఉంది కదా నాయనా. పిల్లే కింద నుంచి దూరింది.”

“అయితే ఆపాలిగా!”

స్కూలు హాలు నిండా జనం. చివరి బెంచీ మీద ముసలి గేట్‌మన్ తల వంచుకుని కూర్చున్నాడు. వారం రోజులుగా ఎవరేం అడిగినా నోరు విప్పడం లేదు.

“ఈయన్ని పంపేస్తే రేపు ఇంకో పిల్ల దూరదా?” అంది పెద్ద టీచర్. “తప్పెవరిదని అడిగితే తలా ఒక వేలు చూపించి ఇంటికి పోతాం. అసలు సంగతి అలాగే ఉండిపోతుంది.”

చాక్‌పీస్ అందుకుని పెద్ద అక్షరాలతో రాసింది: ‘మూసిన గేటు కింద నుంచి ఎందుకు దూరుతున్నాం?’

“తలా ఒక చీటీ తీసుకోండి. పేర్లొద్దు. మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు రాయండి.”

చీటీలు వచ్చాయి. ఆవిడే ఒక్కొక్కటీ పైకి చదివింది.

‘ఒకసారి పడితే ఇరవై నిమిషాలు లేవదు మరి.’

‘అందరూ దూరుతున్నారని నేనూ.’

‘పాలు విరిగిపోతాయని.’ ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

‘నిన్న కూడా దూరాను. సిగ్గుగా ఉంది.’

ముందు వరసలో కూర్చున్న ఆ పిల్ల తల్లి మొదటిసారి తలెత్తింది. వార్డు మెంబరు గొంతు తగ్గించాడు.

“మీరన్నదే నిజం టీచర్‌గారూ. తప్పు ఒక్కడిది కాదు.”

ఆవిడ చివరి చీటీ విప్పింది. చదువుకుంది. మళ్లీ మడిచేసింది.

“ఏం రాశారు?”

“ఏం లేదు... అక్షరాలు తెలియడం లేదు.”

తల్లి లేచి వచ్చి చెయ్యి చాపింది. “ఇలా ఇవ్వండి.”

ఇవ్వక తప్పలేదు. ఆమె వెలుతురులోకి తిప్పి పట్టుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివింది:

‘ఆగు తల్లీ అని అరిచాను. లేటైతే పెద్ద టీచర్‌గారు ఎండలో నిలబెడతారు తాతా అంటూ దూరిపోయింది.’