వరద వదిలిన మట్టి

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడు అది. సబ్బుల షెడ్డులోంచి ముసలాయన పారతో బురద ఎత్తి బయట పోస్తుంటే, బావమరిది గుమ్మంలో నిలబడి కాగుల వంక చూస్తున్నాడు.

"ఇంకెందుకు బావా ఈ యాతన? గంధం పొడి, ఎండుపూలు అన్నీ ఏట్లో కలిసిపోయె. అటక మీద మిగిలిన కొబ్బరినూనె, సోడా పెట్టుకుని ఏం చేస్తావ్? కాగులు అమ్మేసి మా ఇంటికొచ్చి కూర్చో."

ముసలాయనకూ అది నిజమే అనిపించి, పారను గోడకు ఆనించేశాడు.

లోపలి నుంచి కోడలు వచ్చి ఆయన చేతిలో బూడిదరంగు సబ్బుబిళ్ళ పెట్టింది.

"చేతులు కడుక్కోండి మామయ్యా."

"ఏం కలిపావు ఇందులో?"

"ఈ ఒండ్రుమట్టే. నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, ఎండబెట్టి, ఆ నూనె, సోడాతో సబ్బు వండాను."

బావమరిది నవ్వాడు. "బురదను బురదతో కడుక్కోమంటావా అమ్మాయ్?"

"మన సరుకంతా పట్టుకుపోయింది కదా బాబాయ్. ఏటిని ఊరికే వదుల్తానా? దాని మట్టి నేను ఉంచేసుకున్నాను."

ముసలాయన తొట్టి దగ్గర కూర్చుని చేతులు రుద్దుకున్నాడు. వారంగా గోళ్ళ సందుల్లో పట్టుకున్న మురికి నురగతో పాటు జారిపోయింది. సబ్బుకు ఏ పరిమళమూ లేదు. అయినా రెండుసార్లు వాసన చూశాడు.

"మరి కాగులు బావా?"

"ఎలాగూ వచ్చావుగా, ఓ చెయ్యి వెయ్యి. పొయ్యి మీదకెక్కిద్దాం."

మర్నాడు తెల్లవారగానే, తాను బయట పోసిన బురదనంతా గంపలకెత్తి, మళ్ళీ షెడ్డులోకి మోసుకొచ్చాడు.