మేలుకొలుపు మంత్రం

"రెండు వేల మంత్రాలా! అందులో రెండైనా వాడతావట్రా?"

జమాలుద్దీన్ వెక్కిరింతకి ఎజ్రా ముఖం మాడ్చుకున్నాడు.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరు జంపని దాటింది. బాపట్ల కాలేజీకి వేసవి సెలవులివ్వడంతో ఇద్దరూ రేపల్లెలో ఇళ్ళకి వెళ్తున్నారు.

మంత్రగాళ్ళూ రాక్షసులూ తిరిగే కథలో తలా ఒక పాత్రై, పాచికలు వేస్తూ ఆడే ఆటంటే స్నేహితులిద్దరికీ పిచ్చి. ఆ ఆట కోసం పాత పత్రికల్లో వచ్చిన మంత్రాలన్నీ ఒకచోట చేర్చి అచ్చేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఎజ్రా మద్రాసులో సంపాదించాడు.

"ఆటతో వచ్చిన అసలు పుస్తకంలో ఉన్నవి చాలవా? ఇది తలకింద పెట్టుకోడానికి బాగుంటుంది."

"అవసరం పడ్డప్పుడు తెలుస్తుంది లేరా."

ఎదుటి సీట్లో ఏడేళ్ళ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఒక పక్క తల్లి. రెండో పక్క నలిగిన నేత చీరలో ఒక పెద్దావిడ.

"పాప ఎందుకేడుస్తోందక్కా?" అన్నాడు జమాల్.

"రేపు మా సారాకి గొంతు ఆపరేషను బాబూ. మత్తిస్తే మళ్ళీ లేవనని భయం. డాక్టరన్న మాట వింటే చాలు, కేకలు!" అంది తల్లి రూతు.

పెద్దావిడ ముందుకి వంగింది.

"బాబూ, మీ పుస్తకంలో నిద్రపుచ్చే మంత్రం ఉందా?"

"ఉంది మామ్మగారూ. కానీ ఇవన్నీ ఉత్తుత్తి..."

"నిద్రపోయినవాళ్ళని లేపేది?"

అసలు పుస్తకంలో నిద్రపుచ్చేదే ఉంది. ఎజ్రా లావు పుస్తకం తిరగేశాడు. చివరి పేజీల్లో దొరికింది.

"ఉందండి! మేలుకొలుపు మంత్రం."

"అయితే పాప తల మీద చెయ్యి పెట్టి చదువు నాయనా."

జమాల్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. పాపం, ముసలావిడ నిజమే అనుకుంది!

ఎజ్రాకీ నవ్వొచ్చింది. కానీ పిల్ల ఏడుపు మాని పుస్తకం వైపే చూస్తోంది.

చెయ్యి పెట్టాడు. చర్చిలో వాక్యం చదివినంత గంభీరంగా చదివాడు.

"ఆ అని నోరు తెరువు తల్లీ. మంత్రం లోపలికి పోవాలి కదా," అంది పెద్దావిడ. పిల్ల గడ్డం వెలుతురుకి తిప్పి, గొంతులోకి తేరిపార చూసింది.

ఎజ్రా ఇరవై ముఖాల పాచిక పిల్ల చేతిలో పెట్టాడు.

"పాచిక వెయ్యమ్మా సారా. పది దాటితే మంత్రం పారినట్టే."

పాచిక దొర్లి సీటు కిందకి పోయింది. స్నేహితులిద్దరూ వంగి చూశారు.

మూడు!

ఎజ్రా చెయ్యి చాచేలోపే పెద్దావిడ దాన్ని అందుకుని గుప్పిట మూసేసింది.

"పద్దెనిమిది!"

జమాల్ నోరు తెరవబోయాడు. ఎజ్రా వాడి కాలు తొక్కాడు.

"ఆపరేషనయ్యేదాకా ఇది నా దగ్గరుండాలి," అందావిడ. సారా కళ్ళు తుడుచుకుని ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

రేపల్లెలో జనం తోసుకుంటూ దిగారు. ఆ రద్దీలో పెద్దావిడ కనబడలేదు. పాచికా లేదు.

"కొట్టేసిందిరా మీ మామ్మ! రెండు వేల మంత్రాలున్నాయిగా, రప్పించుకో!"

ఆవిడ సారా నాయనమ్మే కదా, అక్కడే ఉంటుందని మర్నాడు సాయంత్రం ఎజ్రా మండిపడుతూ ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళాడు.

మంచం మీద సారా ఐస్‌క్రీం తింటోంది. రెండో చేతిలో పాచిక.

"అది పట్టుకునే లోపలికెళ్ళింది బాబూ. కంట చుక్క రాలలేదు," అంది రూతు.

ఎజ్రా కోపం నీరుగారిపోయింది. "మీ అత్తగారేరండి? ఆవిణ్ణి దొంగనుకున్నాను. తప్పయిందని చెప్పాలి."

"అత్తా? ఆవిణ్ణి నేనూ రైల్లోనే మొదటిసారి చూశా. ఇప్పుడే బండికి వెళ్ళిపోయారు."

స్టేషన్ వైపు నుంచి తెనాలి బండి కూత వినబడింది.

"మరి ఎవరండి ఆవిడ?"

రూతు పిల్ల నుదురు నిమిరింది.

"తెనాలి నుంచి వారం వారం ఇక్కడికొచ్చి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ బాబూ... పొద్దున దీనికి చేసింది ఆవిడే."